పాత కారులో చెక్ ఇంజిన్ లైట్: ఫిర్యాదు సెన్సర్‌ది, తప్పెవరిది?

మా కారు 2014 మోడల్. చిన్న పెట్రోల్ బండి, 1,10,000 కిలోమీటర్లు దాటింది. ఒక వేసవిలో హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తుంటే సూర్యాపేట దగ్గర మీటర్‌లో పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలిగింది. బండి మామూలుగానే నడుస్తోంది. పికప్ తగ్గలేదు, వేడెక్కలేదు. అయినా మిగతా దారంతా రోడ్డు కంటే ఆ బొమ్మనే ఎక్కువ చూశాను. మర్నాడు ఒక మెకానిక్ దగ్గర స్కానర్ (బండి కంప్యూటర్ రాసుకున్న లోపాలను చదివే పరికరం) పెట్టిస్తే పీ0171 అని కోడ్ వచ్చింది. "ఆక్సిజన్ సెన్సర్ పోయింది సార్, మార్చేద్దాం" అన్నాడు. మార్చాడు, లైట్ ఆరింది. తొమ్మిదో రోజు మళ్లీ వెలిగింది. హైదరాబాద్‌లో ఇంకో షెడ్డుకు తీసుకెళ్తే పెట్రోల్ పంపు వీక్ అయిందని పంపు మార్చారు. ఈసారి రెండు వారాలు ఆగి వచ్చింది. రెండు రిపేర్లకీ కలిపి 14,000 రూపాయలు దాటింది.

చివరికి తేలింది ఏమిటంటే, తప్పు 400 రూపాయల గ్యాస్కెట్‌ది, అంటే రెండు భాగాల అతుకులో సందు లేకుండా పెట్టే పలుచటి పొరది. అది ఎలా దొరికిందో చెప్తాను. కానీ ముందు వేరే లైట్ల సంగతి చూడాలి, ఎందుకంటే మీటర్‌లో వెలిగే వాటిలో కొన్నింటికి స్కానర్ తెచ్చుకునేంత టైమ్ ఉండదు.

ఎర్ర లైట్లు

తాళం తిప్పి ఇగ్నిషన్ ఆన్ చేయగానే, సెల్ఫ్ కొట్టకముందు, మీటర్‌లో దాదాపు అన్ని హెచ్చరిక లైట్లూ వెలుగుతాయి. బల్బులు బాగున్నాయా లేదా అని బండి తనను తాను పరీక్షించుకోవడం అది. స్టార్ట్ అయ్యాక ఒక్కొక్కటే ఆరిపోవాలి. ఆ క్షణంలో వెలగాల్సిన లైట్ వెలగకపోతే అదీ లోపమే. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు ముందు ఇదే చూడాలి. చెక్ ఇంజిన్ లైట్ బల్బు పీకేసి, ఎయిర్‌బ్యాగ్ లైట్ వైరును పక్క లైట్‌కు కలిపేసి అమ్మేవాళ్లున్నారు. ఎయిర్‌బ్యాగ్ లైట్ ఇంజిన్ స్టార్ట్ చేయకపోయినా కొన్ని సెకన్లకు దానంతట అదే ఆరిపోతుంది. అలా కాకుండా ఆయిల్ లైట్ ఆరిన క్షణంలోనే అదీ ఆరుతుంటే గట్టిగా అనుమానించండి.

రంగుల భాష తేలికే. ఎరుపు అంటే వీలైనంత త్వరగా పక్కకు ఆపమని. పసుపు అంటే ఇంటికి చేరొచ్చు, నిర్లక్ష్యం చేయొద్దని. ఆకుపచ్చ, నీలం సమాచారం కోసం. కొన్ని కార్లలో ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపూ నీలం థర్మామీటర్ వెలుగుతుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు.

నూనె చుక్క రాలుతున్న దీపం లాంటి ఎర్ర బొమ్మ ఆయిల్ లైట్. చాలామంది దాన్ని ఆయిల్ తగ్గిందని చెప్పే లైట్ అనుకుంటారు. పాత బళ్లలో అది చెప్పేది ఆయిల్ ప్రెషర్ గురించి. ఇంజిన్ తిరుగుతుండగా అది వెలిగిందంటే, బేరింగుల మధ్య ఉండాల్సిన నూనె పొర నిలబడటం లేదని అర్థం. ఇంజిన్ సీజ్ కావడానికి ఎంతో దూరం పట్టదు. బంకు దాకా వెళ్దాం, ఊరు దాకా వెళ్దాం అనే ఆలోచన పెట్టుకోవద్దు. ఆపి, పది నిమిషాలు ఆగి, సమతలంగా ఉన్నచోట డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ తక్కువుంటే పోసి చూడొచ్చు. సరిగ్గానే ఉండి కూడా లైట్ వెలుగుతుంటే మళ్లీ స్టార్ట్ చేయకండి, లాక్కెళ్లే బండిని పిలవండి. లోపం ప్రెషర్ స్విచ్‌లోనే ఉండొచ్చు. ఆ స్విచ్ విప్పి అక్కడ గేజ్ బిగించి కొలిస్తే నిజం తెలుస్తుంది. కానీ అది కొలిచాక అనాల్సిన మాట, రోడ్డు మీద నిలబడి ధైర్యం కోసం అనుకోవాల్సింది కాదు.

బ్యాటరీ బొమ్మ నిజానికి డైనమో గురించి చెప్తుంది. పాత కార్లలో ఆ బల్బు ఒక కొస ఇగ్నిషన్ కరెంటుకు, రెండో కొస డైనమోకు కలిపి ఉంటుంది. డైనమో ఛార్జ్ చేస్తున్నప్పుడు రెండు కొసల్లోనూ ఒకే వోల్టేజీ ఉంటుంది కాబట్టి బల్బులో కరెంటు పారదు, ఆరిపోతుంది. డైనమో ఆగితే రెండు కొసల మధ్య తేడా వచ్చి వెలుగుతుంది. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర మల్టీమీటర్ పెడితే 13.8 నుంచి 14.4 వోల్టుల దాకా రావాలి. 12 దగ్గరే ఉంటే డైనమో పని చేయడం లేదు. ఏసీ, లైట్లు తగ్గించుకుని కొంత దూరం నడపొచ్చు. కానీ బెల్ట్ తెగి ఈ లైట్ వెలిగితే మాత్రం సంగతి వేరు. చాలా బళ్లలో వాటర్ పంపును తిప్పేది కూడా ఆ బెల్టే. కాసేపటికి టెంపరేచర్ లైట్ కూడా వస్తుంది. అందుకే ఈ లైట్ వెలిగితే బానెట్ ఎత్తి ముందు బెల్ట్ ఉందో లేదో చూడాలి.

ఎర్ర థర్మామీటర్ వస్తే బండి ఆపండి. వేడిగా ఉండగా రేడియేటర్ మూత తీయొద్దు. లోపలి నీరు ఒత్తిడిలో ఉండటం వల్ల 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత వదులైన మరుక్షణం ఆవిరై ముఖం మీదకు చిమ్ముతుంది.

బ్రేక్ లైట్ విషయంలో మన దగ్గర జరిగే పొరపాటు ఒకటుంది. బ్రేక్ ప్యాడ్లు అరిగేకొద్దీ వాటిని నొక్కే క్యాలిపర్ పిస్టన్లు బయటికి జరుగుతాయి, ఆ ఖాళీలోకి ఫ్లూయిడ్ దిగుతుంది, డబ్బాలో మట్టం తగ్గి లైట్ వెలుగుతుంది. పైన ఫ్లూయిడ్ పోస్తే లైట్ ఆరుతుంది, అరిగిన ప్యాడ్లు అలాగే ఉంటాయి. ఎక్కడా లీకు లేకుండా మట్టం తగ్గితే ముందు ప్యాడ్లు చూడాలి. ఏబీఎస్ (గట్టి బ్రేక్‌కు చక్రాలు పట్టేయకుండా చూసే ఏర్పాటు) లైట్ ఒక్కటే వెలిగితే మామూలు బ్రేకులు పనిచేస్తాయి. ఏబీఎస్, ఎర్ర బ్రేక్ లైట్ రెండూ కలిసి వెలిగితే గట్టి బ్రేక్‌కు వెనక చక్రాలు ముందే పట్టేసి బండి తిరిగిపోయే ప్రమాదం ఉంది, నెమ్మదిగా షెడ్డుకు చేర్చండి. ఎయిర్‌బ్యాగ్ వైర్ల జోలికి మాత్రం మల్టీమీటర్‌తో వెళ్లకండి. ఆ చిన్న కరెంటుకు కూడా బ్యాగ్ పేలొచ్చు.

పసుపు ఇంజిన్ బొమ్మ, దాని వెనక కోడ్

చెక్ ఇంజిన్ లైట్ నిలకడగా వెలగడం ఒకటి, టపటపా కొట్టుకోవడం ఒకటి. కొట్టుకుంటోందంటే ఇంజిన్ మిస్సింగ్ కొడుతోంది, కాలని పెట్రోల్ సైలెన్సర్ వైపు పోతోంది. అది పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో పడి మండితే లోపలి జల్లెడ కరిగిపోతుంది. ఆ భాగం చాలా ఖరీదు. యాక్సిలరేటర్ వదిలేసి, నెమ్మదించి, ఆపడమే మంచిది.

నిలకడగా వెలిగితే కోడ్ చదవడానికి తీరిక ఉంటుంది. మన దేశంలో బీఎస్-4 (పొగ కాలుష్య ప్రమాణం) కార్లకు 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ-2, అంటే బండి తన లోపాలను తానే కనిపెట్టి కోడ్‌గా రాసుకునే ఏర్పాటు, తప్పనిసరి అయింది. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. దానికి బ్లూటూత్ స్కానర్ తగిలిస్తే ఫోన్‌లోనే కోడ్ కనిపిస్తుంది. చౌకవి 1,000 రూపాయల లోపే దొరుకుతాయి. ఆ సాకెట్‌లో 16వ పిన్నుకు ఎప్పుడూ కరెంటు ఉంటుంది కాబట్టి పని అయ్యాక స్కానర్ తీసేయండి, లేకపోతే నిలిపి ఉంచిన బండిలో బ్యాటరీ దిగిపోతుంది. అంతకంటే పాత బళ్లలో సాకెట్ ఉన్నా ఈ చౌక స్కానర్లతో మాట్లాడకపోవచ్చు. కొన్నింటిలో రెండు పిన్నులను వైరుతో కలిపి, చెక్ ఇంజిన్ లైట్ ఎన్నిసార్లు మినుకుమందో లెక్కపెట్టి కోడ్ తెలుసుకునేవారు.

కోడ్‌లో అయిదు గుర్తులుంటాయి. మొదటి అక్షరం పీ అయితే ఇంజిన్, గేర్‌బాక్స్. సీ అయితే బ్రేకులు, స్టీరింగ్ వైపు. బీ అయితే ఎయిర్‌బ్యాగ్ లాంటి బాడీ విభాగం. యూ అయితే బండిలోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడంలో వచ్చిన ఇబ్బంది. రెండో స్థానంలో 0 ఉంటే అన్ని కంపెనీలకూ ఒకే అర్థం. 1 ఉంటే ఆ కంపెనీ సొంత కోడ్, దానికి ఎక్కడో దొరికిన జాబితా చూసి అర్థం చెప్పుకుంటే దారి తప్పుతాం. మూడో స్థానంలోని అంకె విభాగం చెప్తుంది: 1, 2 గాలి-పెట్రోల్ కలయిక, 3 ఇగ్నిషన్, మిస్సింగ్, 4 పొగ నియంత్రణ. చివరి రెండూ ఆ విభాగంలో ఏ అంశమో చెప్తాయి.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. కోడ్ అంటే పోలీస్ స్టేషన్‌లో రాసిన ఎఫ్‌ఐఆర్ లాంటిది. ఫలానావాళ్లు ఫలానా ఫిర్యాదు చేశారని మాత్రమే అందులో ఉంటుంది. దోషి ఎవరో విచారణలో తేలాలి. మా బండిలో ఫిర్యాదు చేసింది ఆక్సిజన్ సెన్సర్. మొదటి మెకానిక్ ఫిర్యాదుదారుణ్నే లోపలేశాడు.

పాత బళ్ల షెడ్డుల్లో రోజూ జరిగేది ఇదే. సెన్సర్ పేరున్న కోడ్ వస్తే సెన్సర్ మారుస్తారు. ఉదాహరణకు పీ0118 తీసుకోండి. కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ సర్క్యూట్‌లో వోల్టేజీ ఎక్కువ అని దాని అర్థం. కంప్యూటర్ ఈ సెన్సర్‌కు 5 వోల్టులు పంపుతుంది. ఇంజిన్ వేడెక్కేకొద్దీ సెన్సర్ నిరోధం తగ్గి ఆ వోల్టేజీ పడిపోతుంది. వైరు తెగితే వోల్టేజీ పడే దారే లేదు, 5 దగ్గరే ఉంటుంది. కంప్యూటర్ దాన్ని మైనస్ 40 డిగ్రీలుగా చదువుతుంది. రోహిణీ కార్తె ఎండలో స్కానర్ మీద మైనస్ 40 కనిపిస్తే అది వాతావరణం కాదు, ఎక్కడో వైరు తెగింది, లేదా కనెక్టర్ ఊడింది, లేదా సెన్సర్ లోపలే తెగింది. ఈ మూడింట్లో ఏదో తేల్చడానికి రెండు నిమిషాలు చాలు. రెండు వైర్ల సెన్సర్ అయితే కనెక్టర్ పీకి, వైరు వైపున్న రెండు రంధ్రాలనూ ఒక సన్నని తీగతో కలపండి. స్కానర్ మీద వేడి ఒక్కసారిగా 100 దాటి పైకి ఎగిరితే వైరూ కంప్యూటరూ బాగున్నాయి, సెన్సర్ మార్చొచ్చు. మైనస్ 40 దగ్గరే ఉండిపోతే వైరు తెగినట్టే, కొత్త సెన్సర్ కొన్నా ఆ డబ్బు దండగ. మన దగ్గర వైర్లు తెగడానికి పెద్ద కారణం ఎలుకలు. వారం రోజులు కదలని బండి ఇంజిన్ మీద పప్పుగింజల పొట్టు, కొరికిన ప్లాస్టిక్ ముక్కలు కనిపిస్తే స్కానర్ కంటే టార్చ్‌లైటే ఎక్కువ పనికొస్తుంది.

మిస్సింగ్ కోడ్లకూ ఇలాంటి చవక పరీక్షే ఉంది. పీ0303 అంటే మూడో సిలిండర్ మిస్సింగ్. ప్రతి ప్లగ్గుకూ విడిగా కాయిల్ ఉన్న బండి అయితే మూడో కాయిల్‌ని ఒకటో దానితో మార్చి బిగించి, కోడ్ చెరిపి నడపండి. ఈసారి పీ0301 వస్తే లోపం కాయిల్‌తోపాటు నడిచి వెళ్లిందన్నమాట. మూడులోనే ఉండిపోతే ప్లగ్గు, ఇంజెక్టర్, కంప్రెషన్ చూడాలి.

సంబంధం లేని నాలుగైదు కోడ్లు ఒకేసారి వస్తే ఒక్కొక్కదాని వెంటా పడకండి. ముందు బ్యాటరీ, దాని టెర్మినళ్లు, బాడీకి బిగించిన ఎర్త్ వైరు చూడండి. ముసలి బ్యాటరీ సెల్ఫ్ కొట్టేటప్పుడు బాగా కుంగిపోతే ఆ అరసెకనులో కంప్యూటర్లు తడబడి రకరకాల ఫిర్యాదులు రాసుకుంటాయి.

ఇంకో అలవాటు బాధ కలిగిస్తుంది. లైట్ ఆర్పడానికి బ్యాటరీ టెర్మినల్ పీకడం. కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ ఎంత వేగంతో తిరుగుతోంది, ఎంత వేడిగా ఉంది, బండి కదులుతోందా ఆగి ఉందా అన్నవన్నీ కంప్యూటర్ ఒక చిత్రంలా దాచుకుంటుంది. దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. కేసులో ఉన్న ఒకే ఒక ప్రత్యక్ష సాక్ష్యం అది. టెర్మినల్ పీకినా, స్కానర్‌తో చెరిపినా అది పోతుంది. కాబట్టి చెరిపే ముందు ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. చెరిపిన సంగతి కూడా దాగదు. చాలా బళ్లలో కోడ్లు చెరిపాక ఎన్ని కిలోమీటర్లు నడిచిందో స్కానర్ చూపిస్తుంది. కొనబోయే పాత కారులో ఆ అంకె 12 అని ఉంటే, అమ్మే ఆయన నిన్ననో ఇవాళో ఏదో ఆర్పి తెచ్చాడని అనుకోవచ్చు.

మా పీ0171 కథ

ఒక కిలో పెట్రోల్ సరిగ్గా కాలాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. కాలిన పొగలో ఆక్సిజన్ మిగిలిందో లేదో ఆక్సిజన్ సెన్సర్ చూసి చెప్తుంది. మిగిలితే కంప్యూటర్ పెట్రోల్ పెంచుతుంది, మిగలకపోతే తగ్గిస్తుంది. ఈ పెంపుదల, తగ్గింపుల శాతాన్ని ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. పది శాతం అటూ ఇటూ ఉంటే ఫర్వాలేదు. 20, 25 శాతం దాకా పెంచినా పొగలో ఇంకా ఆక్సిజన్ కనిపిస్తుంటే కంప్యూటర్ చేతులెత్తేసి పీ0171 రాస్తుంది: పెట్రోల్ చాలడం లేదు, లేదా గాలి ఎక్కువైంది.

పాత బళ్లకు ఇప్పుడు ఇంకో బరువు తోడైంది. బంకుల్లో వస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోల్‌కు గాలి 14.7 బదులు 13.5 పాళ్లే సరిపోతుంది, ఎందుకంటే ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంది. అంటే అదే గాలికి ఎక్కువ పెట్రోల్ పోయాలి. 10 శాతం ఇథనాల్ నుంచి 20కి మారితే ట్రిమ్ సుమారు 4 శాతం పైకి జరుగుతుంది. బాగున్న ఇంజిన్‌కు అది లెక్కలోకి రాదు. ఏదో చిన్న లీకుతో ఇప్పటికే 18 దగ్గర ఉన్న బండికి మాత్రం ఆ నాలుగే చాలు, లైట్ వెలగడానికి.

రెండో రిపేరు తర్వాత నేనే ఒక స్కానర్ కొన్నాను. ఫ్రీజ్ ఫ్రేమ్‌లో వేగం 0, ఇంజిన్ 780 ఆర్‌పీఎం, ట్రిమ్ 22. అంటే బండి ఆగి, స్లోలో ఉన్నప్పుడు కోడ్ పడింది. బండి నిలిపి 2,500 దాకా రేస్ చేసి పట్టుకుంటే ట్రిమ్ 6కి దిగింది. పంపు వీక్ అయితే దీనికి తలకిందులుగా ఉండాలి. వేగం, బరువు పెరిగేకొద్దీ పెట్రోల్ చాలక ట్రిమ్ ఎక్కాలి. అంటే పంపు మార్చకముందే ఈ రెండు అంకెలూ ఎవరైనా చూసి ఉంటే ఆ డబ్బు మిగిలేది.

ఎల్బీనగర్ వైపు పాత బళ్లు చూసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లి ఈ అంకెలు చూపించాను. ఆయన ఫోన్ వైపు ఒకసారి చూసి, "ప్లగ్గులు ఎవరైనా విప్పారా బాబూ?" అని అడిగారు. ఎవరూ విప్పలేదు. విప్పితే నాలుగూ నల్లగా, వేలితో తుడిస్తే మసి అంటేలా ఉన్నాయి. పెట్రోల్ చాలని ఇంజిన్‌లో ప్లగ్గు తెల్లబారుతుంది. కంప్యూటరేమో పెట్రోల్ చాలడం లేదంటోంది, ప్లగ్గులేమో ఎక్కువైందంటున్నాయి. మైలేజీ 16 నుంచి 13కి పడిపోయిన సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది.

"సెన్సరూ అబద్ధం చెప్పదు, ప్లగ్గూ అబద్ధం చెప్పదు. గాలి కాలాక కలుస్తోంది" అన్నారాయన. "రాత్రికి బండి ఇక్కడే ఉంచండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చూడాలి."

పొద్దున్నే వెళ్లాను. స్టార్ట్ చేయగానే ఇంజిన్ వైపు నుంచి టిక్ టిక్ టిక్ అని సన్నటి చప్పుడు. అది నేను నెలలుగా వింటున్నదే, ట్యాపెట్ల (ఇంజిన్ వాల్వులను కదిపే భాగాల) చప్పుడు అనుకుని వదిలేశాను. ఆయన సహాయకుడు మడిచిన తడి గుడ్డను సైలెన్సర్ కొసకు రెండు క్షణాలు అదిమాడు. చప్పుడు బుస్సుమని పెరిగింది. పెద్దాయన సబ్బు నీళ్లు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (సిలిండర్ల నుంచి పొగను బయటికి తీసుకెళ్లే గొట్టాల భాగం) అతుకు మీద చిమ్మారు. మూడో సిలిండర్ దగ్గర, టార్చ్ వేస్తేనే కనిపించే నల్లటి చార పక్కన, నురగ బుడగలు లేచాయి. మానిఫోల్డ్‌కూ ఇంజిన్ హెడ్‌కూ మధ్య ఉండే గ్యాస్కెట్ కాలిపోయింది. పొగ తోపు తోపుగా బయటికి వెళ్తుంది. ఒక్కో తోపు వెళ్లాక వెనక కాస్త ఖాళీ ఏర్పడి, ఆ సందులోంచి బయటి గాలిని లోపలికి పీలుస్తుంది. ఆ గాలి నేరుగా సెన్సర్ మీదకు వెళ్తుంది. సెన్సర్ ఆక్సిజన్ ఉందని నిజమే చెప్పింది, కంప్యూటర్ నమ్మి పెట్రోల్ పోస్తూ పోయింది. వేగం పెరిగితే పొగ ఒత్తిడి పెరిగి బయటి గాలి దూరే వీలు తగ్గుతుంది, అందుకే ట్రిమ్ దిగింది. వేడెక్కాక ఇనుము వ్యాకోచించి సందు కాస్త మూసుకుంటుంది, అందుకే మధ్యాహ్నం చూసిన ఏ మెకానిక్‌కూ ఆ చప్పుడు వినిపించలేదు.

గ్యాస్కెట్ మార్చాక కోడ్ చెరిపాం. ఆయన లైట్ ఆరింది కదా అని పంపేయలేదు. కోడ్ చాలావరకు రెండు ప్రయాణాల్లో వరుసగా లోపం కనిపిస్తేనే ఖాయమై లైట్ వెలిగిస్తుందని, అంతకుముందు పెండింగ్ అనే వరుసలో కూర్చుంటుందని చెప్పి, 300 కిలోమీటర్లు ఊళ్లోనూ హైవే మీదా తిప్పి రమ్మన్నారు. తిప్పి వచ్చాక పెండింగ్‌లో ఏమీ లేదు, స్లోలో ట్రిమ్ 5.

మొదటి మెకానిక్ విప్పిన పాత ఆక్సిజన్ సెన్సర్ డిక్కీలోనే ఉంది. నెల తర్వాత ఆయిల్ మార్పించడానికి వెళ్లినప్పుడు పెద్దాయన దాన్ని అడిగి తీసుకుని, బండికి బిగించి, స్కానర్‌లో గ్రాఫ్ పెట్టారు. గీత 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య ఆగకుండా పైకీ కిందికీ ఆడుతోంది. నేను కొన్న కొత్తదాని గీతా అలాగే ఉండేది.